ఫోన్ ట్యాపింగ్: జనం నన్ను అడిగేవి, చట్టంలో ఉన్నవి

నేను హైదరాబాద్‌లో వకీలుని. ఇరవై ఏళ్లుగా ఎక్కువగా రిట్ పిటిషన్లు, సమాచార హక్కు అపీళ్లే చూస్తున్నాను. 2024 మార్చిలో తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసు బయటికొచ్చినప్పటి నుంచి మా ఆఫీసులో ఒక కొత్త అలవాటు మొదలైంది. పని మాట్లాడటం అయిపోయాక వచ్చినవాళ్లు లేచి నిలబడి, గొంతు తగ్గించి, "సార్, నాది కూడా వింటున్నారంటారా?" అని అడుగుతున్నారు. భూమి తగాదా మీద వచ్చిన రైతు అడిగాడు. అంగన్‌వాడీ యూనియన్‌లో తిరిగే ఒకావిడ అడిగింది. ఒక మాజీ సర్పంచ్ ఫోన్‌ను బయట స్కూటర్ డిక్కీలో పెట్టి వచ్చి కూర్చున్నాడు. తమకు జవాబు చెప్పాల్సిన ప్రభుత్వానికే జనం ఇలా భయపడుతుంటే నాకు కోపం వస్తుంది. ఆ భయంలో సగం తెలియకపోవడం వల్ల వచ్చింది, మిగతా సగం నిజమైనదే. రెంటినీ విడదీయాలనే ఇది రాస్తున్నాను.

ఆ కేసు కోర్టులో ఉంది కాబట్టి అందులో ఎవరు దోషులో నేను చెప్పను. చట్టం గురించే మాట్లాడతాను.

అపోహ: ఫోన్‌లో టక్ టక్ చప్పుడు వస్తే ట్యాప్ అయినట్టే.

కాదు. అధికారికంగా చేసే ట్యాపింగ్ మీ ఫోన్‌లో జరగదు, టెలికాం కంపెనీ నెట్‌వర్క్‌లో జరుగుతుంది. మీకు చప్పుడూ రాదు, బ్యాటరీ వేడీ ఎక్కదు. వాట్సాప్‌లో తిరిగే "స్టార్ హ్యాష్ 21 హ్యాష్ నొక్కి చూడండి" అనే చిట్కా మీ కాల్స్ వేరే నంబరుకు ఫార్వర్డ్ అవుతున్నాయో లేదో మాత్రమే చెబుతుంది. పెగాసస్ లాంటి స్పైవేర్ సంగతి వేరు. అది ఫోన్ లోపలే కూర్చుంటుంది కానీ, దాన్నీ చప్పుడుతో కనిపెట్టలేం.

అపోహ: ట్యాప్ చేయాలంటే జడ్జి అనుమతి ఉండాలి.

చదువుకున్నవాళ్లు, జూనియర్ లాయర్లు కూడా ఇలాగే అనుకుంటారు. మన దేశంలో ఏ జడ్జీ ఆ కాగితం చూడడు. కేంద్రంలో హోం సెక్రటరీ, రాష్ట్రంలో రాష్ట్ర హోం సెక్రటరీ సంతకం చేస్తే చాలు. అత్యవసరమైతే రాష్ట్రంలో ఐజీ స్థాయి అధికారి ముందే మొదలుపెట్టి, తర్వాత ఆమోదం తెచ్చుకోవచ్చు. ఏడు పని దినాల్లో ఆమోదం రాకపోతే ఆపేయాలి. ఒక ఉత్తర్వు 60 రోజులు నడుస్తుంది. పొడిగించుకుంటూ పోతే మొత్తం 180 రోజులు.

దీని వెనక చరిత్ర తెలుసుకోవాలి. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, సెక్షన్ 5(2) కిందే వందేళ్లకు పైగా ఈ పని నడిచింది. రాజకీయ నాయకుల ఫోన్లు విన్నారన్న సీబీఐ నివేదిక బయటపడ్డాక పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ 1991లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ముందుగా జడ్జి పరిశీలన ఉండాలని అడిగింది. 1996 డిసెంబరు 18న తీర్పు వచ్చింది. ఫోన్‌లో మాట్లాడుకోవడం గోప్యత హక్కులో భాగమేనని కోర్టు ఒప్పుకుంది కానీ, జడ్జి అనుమతి కావాలన్న కోరికను మాత్రం ఒప్పుకోలేదు. అందుకు బదులు కొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది. అవే తర్వాత టెలిగ్రాఫ్ నిబంధనల్లో 419ఏ నిబంధన అయ్యాయి. 2023లో కొత్త టెలికమ్యూనికేషన్స్ చట్టం, 2024 డిసెంబరులో దాని కింద కొత్త నిబంధనలు వచ్చాయి. పేర్లు మారాయి, సంతకం పెట్టే చెయ్యి మాత్రం మారలేదు.

అపోహ: తప్పు జరిగితే, ట్యాపింగ్ ఉత్తర్వులను తనిఖీ చేసే రివ్యూ కమిటీ పట్టుకుంటుంది.

రాష్ట్రంలో ఆ కమిటీకి చీఫ్ సెక్రటరీ అధ్యక్షుడు. లా సెక్రటరీ, మరో సెక్రటరీ సభ్యులు. ఉత్తర్వు ఇచ్చిన అధికారి, దాన్ని తనిఖీ చేసే అధికారి ఒకే సచివాలయంలో, ఒకే ముఖ్యమంత్రి కింద పనిచేస్తారు. బయటి మనిషి ఒక్కడూ ఉండడు.

2013లో ఒక సమాచార హక్కు దరఖాస్తుకు కేంద్ర హోంశాఖ జవాబిస్తూ, నెలకు సగటున 7,500 నుంచి 9,000 దాకా ట్యాపింగ్ ఉత్తర్వులు జారీ అవుతున్నాయని చెప్పింది. ఆదివారాలు కూడా కలుపుకుని లెక్కేసినా రోజుకు 250 నుంచి 300. ఒక మనిషి అన్నింటినీ చదివి, బుర్ర పెట్టి ఆలోచించి సంతకం పెట్టగలడా? తెలంగాణ ఉద్యమ కాలంలో మనందరికీ పరిచయమైన జస్టిస్ శ్రీకృష్ణ, 2018లో డేటా రక్షణ కమిటీకి కూడా అధ్యక్షుడు. రెండు నెలలకోసారి కూర్చునే రివ్యూ కమిటీ ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఉత్తర్వులు చూడాల్సి వస్తోందని, అది జరిగే పని కాదని ఆ డేటా రక్షణ కమిటీ నివేదికలోనే ఉంది. తెలంగాణ కేసులో నంబర్లను మావోయిస్టులకు సంబంధించినవని చూపించి అనుమతి తీసుకున్నారన్న ఆరోపణ పత్రికల్లో వచ్చింది. అది నిజమా కాదా కోర్టు తేలుస్తుంది. కానీ ఎవరైనా అలా చేస్తే కమిటీ దాన్ని పట్టుకోగలిగే ఏర్పాటు లేదన్నది మాత్రం నేను ఖాయంగా చెప్పగలను.

ఇంకొకటి. మీ ఫోన్ విన్నారని మీకు చెప్పాలన్న నిబంధన లేదు, అయిపోయాక కూడా. సాధారణంగా ఆరు నెలలకోసారి రికార్డులు నాశనం చేయాలని నిబంధనే చెబుతోంది. మీ గోప్యత కోసం పెట్టిన ఆ నిబంధన వల్లే, కోర్టుకు వెళ్దామనుకునే మీ చేతిలో ఆధారం మిగలదు.

అపోహ: కాల్ డేటా తీసినా ట్యాపింగే.

రెండూ వేరు. ఎవరితో, ఎప్పుడు, ఎంతసేపు, ఏ టవర్ కింద మాట్లాడారన్నది కాల్ డేటా. దానికి హోం సెక్రటరీ సంతకం అక్కర్లేదు. ఎస్పీ స్థాయి నుంచి కోరితే కంపెనీ ఇస్తుంది. 2021 చివరి నుంచి కంపెనీలు ఈ రికార్డులను కనీసం రెండేళ్లు దాచాలి. ఒక మనిషి రాత్రి ఏ డాక్టరుకు చేశాడో, పొద్దున ఏ వకీలుకు చేశాడో తెలిస్తే, మాటలు వినకపోయినా అతని కష్టమేమిటో తెలిసిపోతుంది.

అపోహ: తప్పు చేయనివాడికి భయమెందుకు?

నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మాట ఇదే. ఎక్కువగా మంచివాళ్లే ఇలా అంటారు. మా బంధువుల్లో ఒక పెద్దాయన ప్రతి పండక్కీ అంటాడు.

ఆయనకు నేను రేషన్ కార్డుల సంగతి చెబుతాను. తెలంగాణలో 2014 తర్వాత దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. ఇంటికి వెళ్లి చూడకుండా, నోటీసు ఇవ్వకుండా, కంప్యూటర్ వడపోత ఆధారంగా తీసేశారని కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రద్దు చేసిన కార్డులను ఇంటింటికీ తిరిగి మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. తెలంగాణలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ ఉంది. బండి రిజిస్ట్రేషన్, ఆస్తి పన్ను, కరెంటు కనెక్షన్ లాంటి వేర్వేరు శాఖల లెక్కలను పేర్లు, చిరునామాలు పోల్చి ఒక్క మనిషి కింద కలుపుతుంది. సాఫ్ట్‌వేర్ ఒక ప్రైవేటు కంపెనీది. మన ఊళ్లలో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు ఎంతమంది ఉంటారో చెప్పక్కర్లేదు. ఎవరి కారో ఎవరి ఖాతాలోనో పడితే రిక్షా తొక్కేవాడు కారు యజమాని అయిపోతాడు, బియ్యం ఆగిపోతాయి. ఆ పేదవాడు దాచింది ఏముంది? అతను చేసిన తప్పేముంది?

నిఘా అంటే మాటలు వినడం ఒక్కటే కాదు. మీ గురించి వాళ్ల దగ్గర ఏం రాసి ఉందో మీకు తెలియకపోవడం, తప్పు రాస్తే దిద్దించుకునే దారి లేకపోవడం కూడా నిఘాయే.

అపోహ: దొంగచాటుగా రికార్డు చేసింది కోర్టులో చెల్లదు.

చాలాసార్లు చెల్లుతుంది. సాక్ష్యం కేసుకు సంబంధించినదైతే, సంపాదించిన పద్ధతి తప్పైనా స్వీకరించవచ్చని సుప్రీంకోర్టు 1970ల్లోనే చెప్పింది. దీనికి భిన్నమైన తీర్పులూ ఉన్నాయి. ఒక లంచం కేసులో నిబంధనలు పాటించని ట్యాపింగ్ ఉత్తర్వులను బొంబాయి హైకోర్టు 2019లో కొట్టేసి, ఆ రికార్డింగులను నాశనం చేయమంది. భార్య ఫోన్ సంభాషణలను భర్త రికార్డు చేయడం తప్పని మన ఉమ్మడి హైకోర్టు చాలా కాలం కిందటే అంది. కానీ 2025 జులైలో సుప్రీంకోర్టు, విడాకుల కేసుల్లో భార్యాభర్తలు ఒకరినొకరు రహస్యంగా చేసిన రికార్డింగులను సాక్ష్యంగా తీసుకోవచ్చని చెప్పింది. కాబట్టి "అది చెల్లదులే" అన్న ధైర్యంతో కోర్టుకు రావద్దు.

అపోహ: 2023 డేటా రక్షణ చట్టం మనల్ని ప్రభుత్వం నుంచి కాపాడుతుంది.

కంపెనీల నుంచి కొంత కాపాడవచ్చు. ప్రభుత్వం విషయానికొస్తే, దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలు చూపి ఏ ప్రభుత్వ సంస్థనైనా నోటిఫికేషన్‌తో చట్టం పరిధి నుంచే తప్పించే అధికారం సెక్షన్ 17లో ఉంది. పైగా అదే చట్టం సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారం గురించిన సెక్షన్ 8(1)(జె)ను మార్చేసింది. 2025 నవంబరులో అది అమల్లోకి వచ్చింది. "పార్లమెంటుకు, శాసనసభకు నిరాకరించలేని సమాచారాన్ని పౌరుడికీ నిరాకరించకూడదు" అన్న అర్థం ఉన్న వాక్యం అక్కడి నుంచి పోయింది. ఆ ఒక్క వాక్యం పట్టుకుని నేను ఎన్ని అపీళ్లు వాదించానో! సెక్షన్ 8(2)లో ప్రజా ప్రయోజనం అన్న దారి ఇంకా మిగిలి ఉంది, ఇప్పుడు అదే వాడుతున్నాను.

అపోహ: కంపెనీల చందాలకూ మనకూ సంబంధం లేదు.

పేరు బయటపడకుండా పార్టీలకు చందా ఇచ్చే ఎలక్టోరల్ బాండ్లు గుర్తున్నాయి కదా. 2017లో తెచ్చారు. లాభంలో 7.5 శాతానికి మించి కంపెనీలు చందా ఇవ్వకూడదన్న పరిమితినీ అప్పుడే తీసేశారు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు బాండ్లనూ, ఆ పరిమితి తీసేయడాన్నీ కొట్టేసింది. తర్వాత బయటికొచ్చిన జాబితాలో రెండో పెద్ద కొనుగోలుదారు మన హైదరాబాద్ కంపెనీయే, మేఘా ఇంజనీరింగ్, 966 కోట్లు. అప్పటికి అది చట్టబద్ధమే. నా అభ్యంతరం వేరే ఉంది. నా కాల్ డేటా నాకు చెప్పకుండా తీసుకోగల ప్రభుత్వం, పార్టీలకు ఎవరు డబ్బిచ్చారో మాత్రం ఓటరుకు తెలియాల్సిన పని లేదని సుప్రీంకోర్టులో వాదించింది. పౌరుడు అద్దాల ఇంట్లో ఉండాలి, చందాదారుడు మాత్రం తెర వెనక ఉండాలి. ఇది నేను ఒప్పుకోలేను.

అపోహ: ఎమ్మెల్యేలు, ఎంపీలు ఇందులో ఏమీ చేయలేరు.

చేసిన చరిత్ర ఉంది. 1988లో ఫోన్ ట్యాపింగ్ ఆరోపణల మీద కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే రాజీనామా చేశారు. అప్పట్లో సభలో అడిగేవాళ్లు ఉన్నారు. 2023 డిసెంబరులో టెలికమ్యూనికేషన్స్ బిల్లు ఆమోదం పొందిన సమావేశాల్లో 146 మంది ప్రతిపక్ష ఎంపీలు సస్పెండై బయట ఉన్నారు. మన ఫోన్ల గురించిన చట్టం అలా పాసైంది. ఇంటెలిజెన్స్ బ్యూరో అధికారాలేమిటో చెప్పే చట్టం ఈనాటికీ లేదు. అలాంటి చట్టం కోసం 2011లో కాంగ్రెస్ ఎంపీ మనీశ్ తివారీ పెట్టిన ప్రైవేటు మెంబరు బిల్లు మురిగిపోయింది.

ఇలాగే ఓటు వేయాలని పార్టీ విప్ ఉంటే ఓటు వేయడంలో సభ్యుడి చేతులు కట్టేసి ఉంటాయి, నిజమే. ప్రశ్న అడగడానికి విప్ అడ్డం రాదు. ఏడాదికి ఎన్ని ఉత్తర్వులు ఇచ్చారన్న అంకె ఒక్కటి చెప్పమని నేను ఒక శాఖకు సమాచార హక్కు కింద రాస్తే, దేశ భద్రత అని తిప్పి పంపారు. పేర్లు అడగలేదు, నంబర్లు అడగలేదు, అంకె అడిగాను. అప్పటి నుంచి నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించిన ప్రతి ఒక్కరికీ ఒక కాగితం ఇస్తున్నాను, మీ ఎమ్మెల్యేకు ఇచ్చి రసీదు తీసుకోమని. మొన్న ఆ మాజీ సర్పంచ్ పది కాపీలు తీసుకెళ్లాడు. అందులో ఉన్నది ఇంతే:

"గౌరవ శాసనసభ్యులకు. రాబోయే సమావేశాల్లో హోంశాఖను ఈ మూడు ప్రశ్నలు అడగాలని మీ నియోజకవర్గ ఓటరుగా కోరుతున్నాను. గత ఐదేళ్లలో ఏడాదివారీగా ఎన్ని ట్యాపింగ్ ఉత్తర్వులు జారీ అయ్యాయి? రివ్యూ కమిటీ ఎన్నిసార్లు సమావేశమైంది? ఎన్ని ఉత్తర్వులను అది రద్దు చేసింది?"