సైన్స్ లెక్కలో నిలబడ్డ మానవశాస్త్రం

కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి, మూడో ఏట యూనివర్సిటీకి మారదామనుకునే విద్యార్థులకు 2025 ఫాల్ నుంచి జనరల్ ఎడ్యుకేషన్ (ఏ డిగ్రీ చదివినా అందరూ తీసుకోవలసిన సాధారణ కోర్సుల) జాబితా ఒక్కటే అయింది. కాల్‌జెట్‌సీ అని పిలుస్తున్న ఆ జాబితాలో 34 యూనిట్లు, అంటే క్రెడిట్లు ఉన్నాయి. అంతకుముందు సీఎస్‌యూకి (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) మాత్రమే పనికొచ్చేది ఒకటి, యూసీకీ (బర్క్‌లీ, యూసీఎల్‌ఏ లాంటివున్న యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) సీఎస్‌యూకీ రెండింటికీ చెల్లేది ఇంకొకటి ఉండేవి. వాటిని కలిపేయడం మంచిదే. అయితే ఈ సర్దుబాట్లలో, 2020 చట్టంతో వచ్చిన ఎథ్నిక్ స్టడీస్‌కు (అమెరికాలోని నల్లజాతి, మూలవాసి, ఆసియన్, లాటినో ప్రజల గురించి చదివే కోర్సుకు) చోటు చేయడంలో, ఒకప్పుడు మూడుండే సోషల్ సైన్స్ కోర్సులు రెండయ్యాయి.

చూడటానికి చిన్న తగ్గింపే. ఆంత్రోపాలజీ విభాగాలకు మాత్రం అది బతుకుతెరువు సంగతి. మానవశాస్త్రమే డిగ్రీగా తీసుకుందామని కమ్యూనిటీ కాలేజీ గడప తొక్కేవాళ్లు తక్కువ. ఆ తరగతులు నిండేది నర్సింగ్‌కో, బిజినెస్‌కో, కంప్యూటర్ సైన్స్‌కో పోతూ మధ్యలో జనరల్ ఎడ్యుకేషన్ గళ్లు పూర్తి చేసుకునేవాళ్లతో. ఆ గళ్లు ఎవరు గీశారు, ఎందుకు గీశారు అన్నదానికి నూట పాతికేళ్ల కథ ఉంది.

ముందొక మాట. కమ్యూనిటీ కాలేజీకి పాత పేరు జూనియర్ కాలేజీ. ఇక్కడ ఆ మాట మన ఇంటర్ కాదు. పన్నెండో తరగతి అయ్యాక వచ్చే మొదటి రెండేళ్ల డిగ్రీ చదువు. దేశంలో మొదటి పబ్లిక్ జూనియర్ కాలేజీగా 1901లో ఇల్లినాయ్‌లోని జోలియెట్‌లో మొదలైనదాన్ని చెబుతారు. షికాగో యూనివర్సిటీ అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్, జోలియెట్ హైస్కూలు నడుపుతున్న జె. స్టాన్లీ బ్రౌన్ కలిసి చేసిన పని అది. కాలిఫోర్నియాలో ఇదే ఆలోచన 1907లో చట్టమైంది. హైస్కూళ్లే యూనివర్సిటీ మొదటి రెండేళ్ల పాఠాలు చెప్పుకోవచ్చన్నది దాని సారం. 1910లో ఫ్రెస్నోలో తొలి కాలేజీ తెరిచారు. బర్క్‌లీ, స్టాన్‌ఫర్డ్ పెద్దలు దీన్ని వెనకుండి నడిపించారు. అందులో పేదల మీద ప్రేమ ఎంత, మొదటి రెండేళ్ల పిల్లల బరువు దించుకుని పరిశోధన చూసుకుందామన్న ఆశ ఎంత అంటే, రెండోదే ఎక్కువని నా లెక్క.

ఆ చట్టం తెచ్చిన సెనేటర్ ఆంథొనీ కామినెట్టి. ఈయనే తర్వాత అమెరికా ఇమిగ్రేషన్ శాఖకు అధిపతై, హిందుస్థాన్ నుంచి వచ్చే కూలీలను రానివ్వకూడదని 1914లో కాంగ్రెస్ కమిటీ ముందు గట్టిగా వాదించాడు. ఆయన వేసిన దారిలో ఇవాళ కుపర్టినో, సన్నీవేల్, ఫ్రీమాంట్ తెలుగిళ్ల పిల్లలూ నడుస్తున్నారు.

మానవశాస్త్రం కూడా కాలిఫోర్నియాకు 1901లోనే వచ్చింది. ఫీబీ హర్స్ట్ ఇచ్చిన డబ్బుతో బర్క్‌లీలో విభాగం, మ్యూజియం పెట్టారు. కొలంబియాలో ఫ్రాంజ్ బోయస్ దగ్గర డాక్టరేట్ చేసిన ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ అక్కడ చేరాడు. మనిషి శరీరం, సంస్కృతి, భాష, పురావస్తువులు నాలుగూ ఒకే గొడుగు కింద చదవాలన్నది బోయస్ దారి. కమ్యూనిటీ కాలేజీల్లో ఇప్పటికీ కనిపించే కోర్సులు ఆ నాలుగు కొమ్మలే. క్రోబర్ పేరు మాత్రం బర్క్‌లీ భవనం మీద నుంచి 2021 జనవరిలో తీసేశారు. మూలవాసుల సమాధులు తవ్వి ఎముకలు పోగేసిన రోజుల మీద లేచిన నిరసన అందుకు ప్రధాన కారణం.

అసలు మలుపు 1960లో వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం ముగిసి, సైనికులకు చదువు ఖర్చిచ్చే చట్టంతో కాలేజీలు కిటకిటలాడాయి. వెనకే పిల్లల జనాభా పెరిగింది. యూసీ అధ్యక్షుడు క్లార్క్ కెర్ ముందుండి తయారు చేయించిన, రాష్ట్ర ఉన్నత విద్యకు సంబంధించిన మాస్టర్ ప్లాన్ ఆ ఒత్తిడిని మూడు అంతస్తులుగా పంచింది. హైస్కూలు పిల్లల్లో పైనున్న ఎనిమిదో వంతుకు యూసీ, పైనున్న మూడో వంతుకు స్టేట్ కాలేజీలు (ఇప్పటి సీఎస్‌యూ), మిగతా ఎవరొచ్చినా జూనియర్ కాలేజీలు. కింద మొదలుపెట్టినవాడికి పైకెక్కే నిచ్చెన ఉండాలి కాబట్టి, యూనివర్సిటీలు తమ సీట్లలో అరవై శాతం మూడు, నాలుగు సంవత్సరాలకు ఉంచాలన్నారు. రాష్ట్రవాసులకు ట్యూషన్ ఫీజు లేదు. ఆస్తి పన్నుకు కళ్లెం వేసిన 1978 ఓటు తర్వాత కాలేజీల ఖజానా చిక్కిపోయింది. 1984లో యూనిట్‌కు 5 డాలర్ల ఫీజు పెట్టారు. 2012 నుంచి అది 46 డాలర్లు.

నిచ్చెన వేశారు గానీ మెట్లు ఒకదానికొకటి అతకలేదు. ఒక కాలేజీలో చదివిన కోర్సు ఒక యూనివర్సిటీలో చెల్లి, పక్కదానిలో చెల్లేది కాదు. 1985లో అసిస్ట్ అనే కంప్యూటర్ జాబితా మొదలైంది ఇందుకే. ఇప్పటికీ విద్యార్థులు పొద్దస్తమానం తెరిచి చూసేది ఆ వెబ్‌సైటే. ఎడమవైపు యూనివర్సిటీ అడిగే కోర్సు, కుడివైపు మీ కాలేజీలో దానికి సరిపడేది. సరిపడేది లేకపోతే కుడివైపున ‘నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్’ అని ఉంటుంది. ఆ మూడు మాటలు చూసి పక్క ఊరి కాలేజీలో ఒక్క కోర్సు కోసం వెతుక్కునేవాళ్లున్నారు.

మానవశాస్త్రం అదృష్టం ఎక్కడుందంటే, జనరల్ ఎడ్యుకేషన్ జాబితాలో అది ఒకచోట కాదు, రెండుచోట్ల కూర్చుంది. కల్చరల్ ఆంత్రోపాలజీ సోషల్ సైన్స్ గడిలో. బయలాజికల్ ఆంత్రోపాలజీ జీవశాస్త్రం గడిలో. పక్కనే ఒక యూనిట్ ల్యాబ్ తీసుకుంటే సైన్స్ ల్యాబ్ నిబంధన కూడా తీరిపోతుంది. కప్పను కోయడమంటే వెనక్కి తగ్గే కామర్స్ పిల్లలకు ఇది దొరికిన దారి. సోషల్ సైన్స్ గడి ఇరుకైనా ఈ సబ్జెక్టు నిలబడింది ఈ రెండో కాలి మీదే.

ఆ ల్యాబ్‌లో ఏం చేస్తారని మన తల్లిదండ్రులు అడగడం సహజం. బల్ల మీద వరసగా పుర్రెల నమూనాలుంటాయి: చింపాంజీ, మన పూర్వ బంధువులైన ఆస్ట్రలోపితికస్, నియాండర్తల్, చివరికి మనిషి. పుర్రెను తిరగేసి, వెన్నుపాము దిగే రంధ్రం అడుగున మధ్యలో ఉందా, వెనక్కి జరిగి ఉందా చూడాలి. మధ్యలో ఉంటే నిటారుగా నడిచిన జీవి. కాలిపర్‌తో కోరపళ్లు కొలిచి పట్టికలో రాయాలి. ఇవి చాలావరకు ప్లాస్టిక్ అచ్చులు. కానీ పాత అమెరికన్ విద్యాసంస్థల బీరువాల్లో ఉండే నిజమైన అస్థిపంజరాలు ఎక్కువగా కలకత్తా నుంచి ఓడలెక్కినవే. ఆ ఎగుమతిని భారత ప్రభుత్వం 1985లో నిషేధించింది. ఎవరి ఎముకలు, ఎవరిని అడిగి తెచ్చారు అన్న ప్రశ్న ఇప్పుడు పాఠంలో భాగమైంది. ఈ మార్పు ఆలస్యంగానైనా రావలసిందే.

మన ఊళ్లలో ఆంత్రోపాలజీ అనగానే సివిల్స్ ఆప్షనల్ గుర్తొస్తుంది. 2017 సివిల్స్‌లో దేశంలోనే మొదటి ర్యాంకు సాధించిన మెట్‌పల్లి యువకుడు దురిశెట్టి అనుదీప్ తీసుకున్నది ఇదే. అమెరికాలో అదే పేరు వింటే ఉద్యోగం వస్తుందా అంటారు, పైగా కమ్యూనిటీ కాలేజీ అంటే ముఖం చిన్నబుచ్చుకుంటారు. డిగ్రీ పట్టా మీద ఉండేది చివరి యూనివర్సిటీ పేరే. మొదటి రెండేళ్ల ఫీజులో మిగిలేది వేల డాలర్లు.

2010లో వచ్చిన చట్టం ట్రాన్స్‌ఫర్ కోసమే ఒక అసోసియేట్ డిగ్రీని (రెండేళ్ల డిగ్రీ) పుట్టించింది. ఆంత్రోపాలజీలోనూ అది ఉంది. బయలాజికల్, కల్చరల్, ఆర్కియాలజీ మూడూ దానికి పునాది. 60 యూనిట్లతో అది పూర్తి చేసినవారికి సీఎస్‌యూలో ఏదో ఒక క్యాంపస్‌లో సీటు ఖాయం, మరో 60 యూనిట్లలో డిగ్రీ ముగించేలా. ఏదో ఒక క్యాంపస్ అన్నది గుర్తుంచుకోవాలి, కోరుకున్నదే అని చట్టం చెప్పలేదు. యూసీని ఆ చట్టం కట్టిపడేయలేదు, ఎందుకంటే రాష్ట్ర రాజ్యాంగం దానికి స్వయం ప్రతిపత్తి ఇచ్చింది. అది తన సొంత హామీ పథకం నడుపుతోంది. డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ అందులో ఉన్నాయి. బర్క్‌లీ, యూసీఎల్‌ఏ, శాన్ డియాగో లేవు. బర్క్‌లీలో ఆంత్రోపాలజీ చదవాలంటే మొదట అడిగేవి కూడా ఆ మూడు కోర్సులే కాబట్టి, రెండు దారులూ తెరిచి పెట్టుకోదలచినవారు వాటితో మొదలుపెడితే నష్టం లేదు.

ఇక మిగిలింది కోర్సు నంబర్ల గొడవ. ఒకే పాఠానికి ఒక్కో కాలేజీలో ఒక్కో నంబరు. పైగా కుపర్టినోలోని డి ఆంజా కాలేజీ లాంటివి సెమిస్టర్లలో కాక అంతకన్నా చిన్న క్వార్టర్ల పద్ధతిలో నడుస్తాయి, అక్కడ 60 యూనిట్లు కాస్తా 90 అవుతాయి. అన్ని కాలేజీల్లోనూ ఒకే నంబరుండాలని 2021 చట్టం చెప్పింది. మొదటి విడతలో ఇంగ్లిష్, స్టాటిస్టిక్స్, సైకాలజీ, పొలిటికల్ సైన్స్, కమ్యూనికేషన్ కోర్సులకు కొత్త నంబర్లు వచ్చాయి. మానవశాస్త్రం ఆ విడతలో లేదు.