పెద్దవాళ్లకు రాకుమారి గౌనా? అపోహలు - వాస్తవాలు

డాలస్ శివార్లలో ఒక బ్రైడల్ షాపు వెనక గదిలో కూర్చుని పెళ్లి గౌన్లు సరిచేయడం నా పని. చెయ్యి తిరిగింది మాత్రం తెనాలిలో, జాకెట్లు కుడుతూ. ఈమధ్య మన పిల్లలు కూడా ముహూర్తానికి పట్టుచీర కట్టుకుని, రిసెప్షన్‌కో, అబ్బాయి తరఫువాళ్ల చర్చి పెళ్లికో గౌను కావాలని వస్తున్నారు. చాలామంది సిండ్రెల్లా, బెల్, ఏరియల్ అని డిస్నీ సినిమాల్లోని రాకుమార్తెల పేరు పెట్టి మరీ అడుగుతారు. వెంట వచ్చిన అమ్మలకు సవాలక్ష అనుమానాలు. అమ్మాయిలకూ తక్కువేం లేవు.

అపోహ: అది చిన్నపిల్లల వేషం. ముప్పై దాటాక ఏం బాగుంటుంది?

హాలోవీన్‌కి పిల్లలు వేసుకునే నీలం పాలియెస్టర్ గౌను కళ్లలో మెదులుతుంటే ఇలాగే అనిపిస్తుంది. పెళ్లికి కుట్టేవి వేరు. డిస్నీ తన రాకుమార్తెల పేర్లతో పెళ్లి గౌన్లను 2007లో మార్కెట్లోకి తెచ్చింది. 2020 నుంచి వాటిని అలూర్ బ్రైడల్స్ అనే కంపెనీ చేస్తోంది. హ్యాంగర్‌కి వేలాడుతుంటే ఏది ఎవరి గౌనో చీటీ చదివితే తప్ప తెలియదు. ఎక్కువ భాగం ఐవరీ, అంటే దంతపు తెలుపు రంగువే. కథ తాలూకు గుర్తు ఏదైనా ఉంటే లేసు పువ్వులోనో, గేరా (నడుము కింద విప్పారే భాగం) వాలులోనో ఉంటుంది.

అన్నట్టు, సిండ్రెల్లా అంటే నీలం అని ఎవరు చెప్పారు? 1950 నాటి కార్టూన్ సినిమాలో ఆమె డాన్సుకి వేసుకున్న గౌను వెండి మెరుపున్న తెలుపు. బొమ్మల మీదా, ఆటసామాన్ల మీదా అది నీలమైంది. ఆ సినిమాలోనే చివర పెళ్లికి వేసుకున్నది పొడుగు చేతుల తెల్ల గౌను, దాన్ని ఎవరూ అడగరు! అసలు 1697లో ఫ్రెంచి రచయిత షార్ల్ పెరో రాసిన కథలోనైతే అవి రాళ్లు పొదిగిన బంగారు, వెండి జరీ బట్టలు. అంటే మన మగ్గం వర్క్‌కే దగ్గర.

అపోహ: భుజాలు లేని గౌను జారిపోతుంది, ఛాతీ దగ్గర బిగించి కుట్టాలి.

నా దగ్గరికి పాడై వచ్చే గౌన్లలో ఎక్కువ వాటికి ఈ నమ్మకమే కారణం. పట్టుచీర బరువంతా దేని మీద నిలబడుతుంది? లంగా బొందు మీద. భుజం మీది పిన్ను పైటను కదలకుండా పట్టుకుంటుంది, అంతే. గౌనూ అంతే. లైనింగ్ లోపల నడుము చుట్టూ అంగుళం వెడల్పున ఒక గట్టి రిబ్బన్ ఉండాలి, వెయిస్ట్ స్టే అంటారు. ముందు దాని హుక్కులు పెట్టుకుని, ఆ తర్వాతే జిప్పు వేయాలి. కింద గేరా బరువు దాని మీద పడుతుంది. పైభాగం ముడుచుకుపోకుండా లోపల కుట్టిన సన్నటి గట్టి పుల్లలు, బోనింగ్ అంటారు, దాని మీద నిలబడతాయి.

పోయిన ఏడాది ముప్పై ఎనిమిదేళ్ల పెళ్లికూతురు ఒకావిడ వచ్చారు. మాట్లాడుతూనే నిమిషానికోసారి గౌను పైకి లాక్కుంటున్నారు. ఇంకెక్కడో మూడుసార్లు ఛాతీ దగ్గర బిగించారట. చంకల కింద చర్మం ఎర్రగా కమిలిపోయింది, ఊపిరి సగమే ఆడుతోంది, గౌను మాత్రం జారుతూనే ఉంది. లైనింగ్ విప్పి చూస్తే లోపల రిబ్బనే లేదు. నడుముకి రిబ్బన్ వేసి, పక్క కుట్ల దగ్గర నాలుక్కుట్లు పట్టేలా రిబ్బన్‌ను లైనింగ్‌కి పట్టించి, ఛాతీ దగ్గర రెండు పక్కలా అరంగుళం వదులు చేశాను. వేసుకున్నాక “ఎగరండి” అన్నాను. మొహమాటంగా ఒకసారి ఎగిరారు. తర్వాత నవ్వుతూ మూడుసార్లు.

ముప్పై, నలభై దాటినవాళ్లకు ఈ తరహా గౌను నప్పదనే మాట నేను ఒప్పుకోనిది ఇందుకే. నడుము దగ్గర సరిగ్గా కూర్చుంటే మిగతాది దానంతటదే నిలబడుతుంది. నప్పని గౌన్లు చాలావరకు వయసుకి నప్పనివి కావు, నడుముకి నప్పనివి.

అపోహ: ప్రిన్సెస్ కట్ అంటేనే పెద్ద గేరా గౌను.

మీలో చాలామంది ప్రిన్సెస్ కట్ ఇప్పటికే వేసుకుని ఉంటారు. జాకెట్టు కొలతలప్పుడు “టక్కులా, ప్రిన్సెస్ కట్టా?” అని టైలరు అడిగేది ఇదే. పైనుంచి కిందికి నిలువు కుట్లతోనే ఒంటి తీరు తెస్తారు. గౌనులోనైతే నడుము దగ్గర అడ్డకుట్టు ఉండదు. ఈ పేరు 1870ల్లో బ్రిటన్ యువరాణి అలెగ్జాండ్రా వల్ల వచ్చిందంటారు. కథలో రాకుమారి కాదు, నిజం రాకుమారి. సిండ్రెల్లా తరహాది బాల్ గౌన్. దానికి నడుము దగ్గర అడ్డకుట్టు వేసి, కింది బట్టకు కుచ్చులు పెడతారు. ఆన్‌లైన్‌లో పేరు చూసి ఆర్డరిచ్చి, నిలువుగా ఉన్న గౌను వచ్చిందని ఏడ్చినవాళ్లున్నారు.

పొట్టివాళ్లు బాల్ గౌన్ వేసుకోకూడదన్నదీ ఇలాంటి మాటే. నడుము కుట్టు కాస్త పైకి జరిపి, గేరా ఉబ్బుగా నిలవడానికి లోపల వేసే గట్టి నెట్టు లంగా, అదే క్యాన్‌క్యాన్‌లో ఒకటి రెండు పొరలు తీసేస్తే సరిపోతుంది.

అపోహ: సైజు ఒకటి చిన్నదే కొందాం, పెళ్లిలోపు తగ్గుతాను కదా.

వద్దు. బ్రైడల్ సైజులు మామూలు బట్టల కంటే ఒకటి రెండు సైజులు ఎక్కువ చూపిస్తాయి, ఇక్కడ సైజు నంబర్లు రెండేసి చొప్పున పెరుగుతాయి. పదో నంబరు వేసుకునే అమ్మాయికి పద్నాలుగు అని వస్తే టెన్షన్ పడాల్సిందేమీ లేదు, టేపు చెప్పిన కొలతే నమ్మండి. మన జాకెట్లకు లోపల బట్ట వదిలి రెండు మూడు కుట్లు వేసినట్టు వీటిలో వదలరు. లూజు తగ్గించడం నాకు ఒక పూట పని. బట్టే లేనిచోట పెంచాలంటే పక్కన ముక్క అతకాలి, లేదా జిప్పు తీసేసి వెనక తాళ్లు పెట్టాలి.

అపోహ: పెళ్లికి తెల్లబట్టలేంటి, అశుభం!

అమ్మల మాట ఇది. నేను ఒక్కటే అడుగుతాను: మధుపర్కాలు ఏ రంగువండీ? ఎర్రంచు తెల్లబట్టలే కదా. మన క్రైస్తవుల ఇళ్లలో పెళ్లికూతురు తెల్లచీరతోనే చర్చికి వెళ్తుంది. పడమటి దేశాల్లోనూ తెలుపు ఆది నుంచీ ఉన్న ఆచారమేం కాదు. 1840 ఫిబ్రవరి 10న విక్టోరియా రాణి తెల్ల శాటిన్‌తో పెళ్లి చేసుకున్నాక అది ఫ్యాషనై పాకింది. ఇక మన ఒంటి రంగుకి పాలతెలుపు కంటే ఐవరీ, షాంపేన్ రంగులు బాగా పలుకుతాయి. షాపు లైట్ల కింద కాకుండా ఒకసారి కిటికీ దగ్గర నిలబడి చూసుకోండి.

అపోహ: గౌను కొంటే పని అయిపోయినట్టే.

అక్కడే నా పని మొదలవుతుంది. ఆర్డరిచ్చాక గౌను రావడానికే నెలలు పడుతుంది, కాబట్టి పెళ్లికి ఎనిమిది తొమ్మిది నెలల ముందే ఎంచుకోండి. ఆల్టరేషన్‌కి రెండు మూడు నెలలు, మూడు ఫిట్టింగులు పెట్టుకోండి. ఖర్చు గౌను ధరకి అదనం, వందల డాలర్లలోనే ఉంటుంది. బాల్ గౌన్ పొడుగు తగ్గించడమంటే ఒక్క అంచు మడవడం కాదు. లైనింగ్, క్యాన్‌క్యాన్, నెట్టు పొరలు, పైబట్ట, దేనికది విడిగా కత్తిరించాలి. అంచున లేసు ఉంటే దాన్ని పువ్వు పువ్వుగా విప్పి, పైకి జరిపి చేత్తో కుట్టాలి. అందుకే మొదటి ఫిట్టింగ్‌కే పెళ్లిరోజు వేసుకునే చెప్పులు తెమ్మంటాను. అరంగుళం మడమ మారినా మళ్లీ మొదటికే వస్తాం.

వెనక ఈడ్చుకుపోయే ట్రెయిన్‌ను భోజనాల వేళకి పైకి కట్టేయాలి, దాన్ని బసిల్ అంటారు. గేరా కింద రిబ్బన్ల జతలు కుట్టి, జతకో నంబరు రాసి ఇస్తాను. ఒకటికి ఒకటి, రెండుకి రెండు కలిపి ముడి వేయాలి. ఆ ముళ్లు పెళ్లికూతురు తనంతట తాను వేసుకోవడం కుదరదు. ఆఖరి ఫిట్టింగ్‌కి అక్కనో పిన్నినో వెంటబెట్టుకొస్తే నా ముందే రెండుసార్లు కట్టిస్తాను, ఫోన్‌లో వీడియో కూడా తీసుకోమంటాను.