చెవికీ మాటకీ డాక్టరేటా అని అడిగిన పిల్లలకు

విజయనగరం

చిరంజీవులకు ఆశీస్సులు.

మొన్న పండక్కి వచ్చినప్పుడు మీరు అడిగినదానికి వంటపని హడావిడిలో సగం జవాబే చెప్పాను. "ఎంబీబీఎస్ కాకుండా చెవికీ మాటకీ వేరే చదువుందా అమ్మమ్మా? అందులో పీహెచ్‌డీ చేసి ఏం కనిపెడతారు?" అన్నారు కదా. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. ఇంటర్ చదివే మీ స్నేహితులకీ చూపించండి.

ముందు దారి చెప్పేస్తాను. ఇంటర్‌లో సైన్సు చదివాక బీఏఎస్‌ఎల్‌పీ అనే డిగ్రీ ఉంది, ఇంటర్న్‌షిప్‌తో కలిపి 4 ఏళ్లు. తర్వాత ఎమ్మెస్సీ 2 ఏళ్లు. వినికిడి ఇష్టమైతే ఆడియాలజీ, మాట ఇష్టమైతే స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ. ఆపైన పీహెచ్‌డీ కనీసం 3 ఏళ్లు. మైసూరులో 1965లో పెట్టిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ దీనికి పెద్ద చోటు. ముంబైలోని అలీ యావర్ జంగ్ సంస్థకి సికింద్రాబాదులోనూ కేంద్రం ఉంది. ప్రవేశ పరీక్షలూ ఫీజులూ మీరే ఫోన్లో చూసుకోగలరు.

ఎమ్మెస్సీ దాకా వేరేవాళ్లు కనుక్కున్నది నేర్చుకుంటాం. పీహెచ్‌డీకి వచ్చేసరికి ఎవరి దగ్గరా జవాబు లేని ప్రశ్న ఒకటి పట్టుకోవాలి. అలాంటి ప్రశ్నలు మన జిల్లాల్లో కావలసినన్ని ఉన్నాయి. వాటిని అడిగేవాళ్లే తక్కువ. నా బాధంతా అదే.

నేను చెవి పరీక్షలు చేసే ఉద్యోగంలో ఉన్నప్పుడు జూట్ మిల్లుల్లో పనిచేసేవాళ్లు పరీక్షకి వచ్చేవారు. ఒకాయన్ని భార్య వెంటబెట్టుకొచ్చింది. "పిలిస్తే పలుకుతాడమ్మా, నాను సెప్పిందొకటి, ఈ మనిషి ఇనేదొకటి" అంది. ఆయన్ని శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టి, బొంగురు నుంచి సన్నం దాకా ఒక్కొక్క స్థాయి ధ్వనీ వినిపించి, గ్రాఫు మీద కుడి చెవికి ఎర్ర సున్నా, ఎడమ చెవికి నీలం ఇంటూ పెడుతూ వచ్చాను. 250 దగ్గర, 500 దగ్గర, 1000 హెర్ట్జ్ దగ్గర బాగానే ఉంది. హెర్ట్జ్ అంటే ధ్వని స్థాయిని కొలిచే లెక్క, అంకె పెరిగేకొద్దీ ధ్వని సన్నబడుతుంది. 4000 దగ్గర రెండు గీతలూ గోతిలో పడ్డట్టు దిగిపోయి, 8000 దగ్గర మళ్లీ కొంచెం పైకి లేచాయి. ఏళ్ల తరబడి మిల్లు మోతలో బతికిన చెవి గీసే గీత ఇది. మనిషి గొంతులో అచ్చుల బలం చాలావరకు కింది స్థాయిలో ఉంటుంది కాబట్టి పిలుపు అందుతుంది. స, శ, త లాంటి హల్లుల పదును పై స్థాయిలో ఉంటుంది, అదే పోతుంది. ఆయన విననట్టు నటిస్తున్నాడని ఇంట్లో గొడవలు పడ్డారట. గ్రాఫు చూపించి విడమరిచి చెప్పాక ఆ తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఎందుకలా అవుతుందో చూడండి. లోపలి చెవిలో కాక్లియా అని రెండున్నర చుట్లు తిరిగిన చిన్న గొట్టం ఉంటుంది. బొబ్బిలి వీణ మీద మెట్టు మెట్టుకీ ఒక స్వరం ఉన్నట్టు, ఆ గొట్టం పొడవునా ఒక్కో చోటు ఒక్కో స్థాయి ధ్వనికి కదులుతుంది. మొదట్లో సన్నని ధ్వనులు, చివర్లో బొంగురు ధ్వనులు. హంగరీలో టెలిఫోన్ పరిశోధన చేస్తున్న బెకెషీ, చనిపోయినవాళ్ల చెవుల్లో ఈ కదలికని మైక్రోస్కోపు కింద చూశారు. 1961లో ఆయనకి నోబెల్ వచ్చింది. 1978లో డేవిడ్ కెంప్ అనే భౌతికశాస్త్రవేత్త, చెవి ధ్వనిని పుచ్చుకోవడమే కాదు, తానూ సన్నగా ధ్వని చేస్తుందని చూపించారు. ఈ రోజు నిద్రపోతున్న పసిబిడ్డ చెవిలో చిన్న గొట్టం పెట్టి, ఆ ధ్వనిని పట్టుకుని నిమిషాల్లో వినికిడి పరీక్ష చేస్తున్నామంటే ఆయన చలవే. పరిశోధన ఎందుకు అని ఎవరైనా అడిగితే నేను ముందు ఇదే చెబుతాను.

2009లో అమెరికాలో కుజావా, లీబర్‌మన్ ఎలుకల మీద ఇంకో సంగతి చూశారు. పెద్ద మోత తర్వాత వినికిడి పరీక్ష మామూలుగా వచ్చినా, లోపల నరాలకి ఉండే కొన్ని అతుకులు శాశ్వతంగా పోతున్నాయి. మనుషుల్లోనూ అంతేనా అన్నది ఇంకా తేలలేదు. గ్రాఫు బాగున్నా సంతలో మాట అర్థం కావట్లేదనే కుర్ర కార్మికుడు మీ ఎదురుగా కూర్చున్నాడనుకోండి, ఏం చెబుతారు? అదొక పీహెచ్‌డీ.

మాట వైపు ప్రశ్నలు నాకు ఇంకా ఇష్టం. గార వైపు నుంచి అయిదేళ్ల బిడ్డ వస్తుంది. చేప బొమ్మ చూపిస్తే "సేప" అంటుంది. వేరే ప్రాంతపు పరీక్ష కాగితం దాన్ని తప్పు కింద వేస్తుంది. కానీ వాళ్లమ్మా సేపే అంటుంది, వాళ్ల మామ్మా అంతే. అది ఆ ఇంటి తెలుగు, లోపం కానే కాదు. అదే బిడ్డ కాకిని "తాతి" అంటే మాత్రం అది యాస కాదు, చూడాల్సిందే. ఈ తేడా తెలియనివాళ్లు అక్కర్లేని చికిత్స మొదలుపెడతారు, లేదా కావలసిన చికిత్స ఆపేస్తారు. శ్రీకాకుళం పిల్లలకి ఏ వయసులో ఏ ధ్వని పలకడం వస్తుందో వందల మందిని విని నమోదు చేయాలి. ఇచ్ఛాపురంలో తెలుగూ ఒడియా కలిపి పెరిగే పిల్లలకీ, సీతంపేట కొండల్లో సవర మాట్లాడే పిల్లలకీ వేరువేరుగా చేయాలి.

సవర అంటే గిడుగు రామమూర్తి గారు గుర్తొస్తారు. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. సవరల భాష నేర్చుకోవాలని మన్యంలో తిరిగి, జ్వరాలకి క్వినైన్ వాడి చెవుడు తెచ్చుకున్నారు. జనం మాట్లాడే భాషకి అంత పోరాడిన మనిషికి ఆ మాటలే సరిగా వినిపించకుండా పోవడం తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. క్వినైన్ ఒక్కటే కాదు, జెంటామైసిన్ లాంటి ఇంజెక్షన్లూ కొన్ని క్యాన్సర్ మందులూ లోపలి చెవిని దెబ్బతీస్తాయి. ప్రాణం నిలిపే మందుని మానలేం కాబట్టి, వాడే రోజుల్లోనే చెవిని ఎలా కనిపెట్టుకోవాలన్నది పెద్ద పరిశోధనాంశం.

మేనరికాల సంగతి మీకు తెలుసు. దగ్గర చుట్టరికంలో తల్లికీ తండ్రికీ ఒకే జన్యులోపం దాగి ఉండే అవకాశం పెరుగుతుంది. పుట్టు చెవుడుకి తరచుగా కనిపించే కారణాల్లో జీజేబీ2 అనే జన్యువులో మార్పు ఒకటి. మేనరికం చేసుకున్న ప్రతి ఇంటా అలా జరగదు. జరిగిన ఇంట్లో మాత్రం తల్లినే తిట్టిపోస్తారు. ఆ తల్లికి సైన్సు తెలిసినవాళ్లు కూర్చుని నిదానంగా చెప్పాలి.

పని మాత్రం నిదానం. ప్రశ్న తేలడానికే ఏడాది పట్టొచ్చు. ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి, ప్రతి బిడ్డకీ తల్లిదండ్రుల సంతకం కావాలి, మిషన్లు కాలిబ్రేట్ చేయించాలి, అంటే కొలత సరిగ్గా చూపిస్తున్నాయో లేదో సరిచూపించాలి. బడిలో పరీక్ష చేద్దామంటే ఫ్యాను చప్పుడు, బయట ట్రాక్టరు. ఆ రోజు రికార్డింగు పనికిరాదు, మళ్లీ వెళ్లాలి. ఇంట్లో "ఇంకెన్నాళ్లీ చదువు" అంటారు, టెన్షన్ ఉంటుంది. గైడు మంచివారైతే సగం బరువు తగ్గుతుంది కాబట్టి, కాలేజీ పేరు కంటే ముందు ఆ మనిషి దగ్గర చదివినవాళ్లని నలుగురిని అడగండి.

వేసవికి వచ్చేటప్పుడు తలో నోటుపుస్తకం తెచ్చుకోండి. మన వీధిలో మూడేళ్ల నుంచి ఆరేళ్ల దాకా ఉన్న పిల్లలు ఎలా మాట్లాడుతున్నారో విని రాద్దాం. వాళ్ల అమ్మలని అనుమతి నేను అడుగుతాను.

మీ అమ్మమ్మ