"ఇంకా రెడీ అవ్వలేదు సార్": జాజ్ జామ్ గురించి అపోహలు - వాస్తవాలు

పోయిన ఆదివారం ఒక మెసేజ్ వచ్చింది. "సార్, కీబోర్డ్ వాయిస్తాను. జాజ్ అంటే చాలా ఇష్టం. ఇంకా రెడీ అవ్వలేదు, ఒక ఆరు నెలలాగి వస్తాను. అప్పటికి మీ జామ్ ఉంటుందా?" మనుషులు మారతారు గానీ ఈ మెసేజ్ మారదు, నెలకు మూడు నాలుగుసార్లు వస్తుంది. హైదరాబాద్‌లో సరదాకి జాజ్ వాయించేవాళ్ళకి తోటివాళ్ళని వెతికిపెట్టడం, అందరూ కూర్చుని అప్పటికప్పుడు కలిసి వాయించుకునేందుకు (జామ్ అంటే అదే) ఒక చోటు చూడటం తొమ్మిదేళ్ళుగా నా సాయంత్రాల పని. (పగటి ఉద్యోగం వేరే ఉంది. దాని సంగతి వద్దు.) ఆరు నెలలు గడువడిగి తిరిగొచ్చినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తిరిగి రాని మిగతావాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

అపోహ: బాగా నేర్చుకున్నాకే జామ్‌కి వెళ్ళాలి

జామ్‌లో కావలసిన విద్య ఇంట్లో రాదు. ఇంట్లో ఫోన్‌లో బ్యాకింగ్ ట్రాక్ (తోడు వాద్యాల రికార్డింగ్) పెట్టుకుని వాయిస్తారు. ఆ ట్రాక్ తప్పిపోదు, తొందరపడదు. మీరు రెండు బార్లు (పాటని కొలిచే ముక్కలు, మామూలుగా నాలుగేసి బీట్లు) ముందే సోలో (మీ ఒక్కరి వంతు) ముగించేసినా దానికేం పట్టదు. మనుషులు అలా ఉండరు. డ్రమ్మర్ ఉత్సాహంలో టెంపో లాగేస్తాడు. బేస్ వాయించే అమ్మాయి బ్రిడ్జి (పాట మధ్యలో వరస మారే భాగం) వచ్చిందని మర్చిపోయి మొదటి భాగమైన 'ఎ' సెక్షన్‌లోనే తిరుగుతుంటుంది. అప్పుడు ఎవరి మొహం చూడాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ అందుకోవాలి? ఇది ఏ యాప్‌లోనూ లేదు.

మౌలాలి వైపు నుంచి ఒకాయన వస్తారు. బ్యాంకులో చేసి రిటైరయ్యారు. టెనర్ సాక్సోఫోన్. ఇరుగుపొరుగు గొడవ పెడతారని పడకగది తలుపుకి బొంతలు వేలాడదీసి ఆరేళ్ళు సాధన చేశారు. నలభై ట్యూన్లు చూడకుండా వాయిస్తారు. మొదటి రోజు బీ ఫ్లాట్ కీలో (శ్రుతిలో) బ్లూస్, అంటే 12 బార్ల పాట, అనుకున్నాం. "కౌంట్ ఇన్ మీరే ఇవ్వండి" అన్నాను, అంటే వన్ టూ త్రీ ఫోర్ అని పాట ఎత్తుకోవడం. ఆయన చెయ్యి పైకి లేచి అక్కడే ఆగిపోయింది. ఆరేళ్ళలో ఆయన ఒక్క పాట కూడా తనంతట తను మొదలుపెట్టలేదు, అన్నీ ఫోనే మొదలుపెట్టింది. ఇంకొకరు కౌంట్ ఇస్తే మొదలైంది. మూడో కోరస్‌లో (పాట మూడో చుట్టులో) తొమ్మిదో బార్ దగ్గర అందరూ ఎఫ్ సెవెన్ కార్డ్‌కి (కలిపి మోగే స్వరాల గుంపుకి) వెళ్తే ఆయన బీ ఫ్లాట్‌లోనే ఉండిపోయారు. బేస్ వాయించే కుర్రాడు తలతో సైగ చేస్తూనే ఉన్నాడు. ఈయన కళ్ళు మూసుకుని వాయిస్తున్నారు.

అదే సాయంత్రం ఒక ఇంజినీరింగ్ కుర్రాడు ట్రంపెట్ పట్టుకొచ్చాడు. వాడికి వచ్చినవి రెండే బ్లూస్‌లు. వాడూ తప్పిపోయాడు. తప్పిపోగానే ట్రంపెట్ దించి, తొడ మీద వేళ్ళతో బార్లు లెక్కపెట్టుకుని, తర్వాతి కోరస్ మొదట్లో దూరాడు. వెళ్ళేముందు ఇద్దరు వాడి నంబర్ తీసుకున్నారు. పెద్దాయన స్కూటర్ దగ్గర నిలబడి, "ఇన్నాళ్ళూ నేను ఏం చేసినట్టండీ?" అన్నారు. నాకు జవాబు తోచలేదు. ఆయనలో లోపమేమీ లేదు, ఎవరూ ముందు చెప్పలేదు, అంతే. ఇప్పుడు ఆయన కళ్ళు తెరుచుకునే వాయిస్తారు. కౌంట్ ఇన్ మాత్రం పక్క షాపువాళ్ళకి కూడా వినబడేలా ఇస్తారు.

తిట్టినట్టుంటే నన్ను కూడా కలుపుకుని తిడుతున్నానని అనుకోండి. తార్నాకలో అద్దె గదిలో నాలుగేళ్ళు గిటార్‌తో నేనూ ఇదే చేశాను. "ఇంకొక్క స్కేల్" అనుకుంటూ.

మరి రెడీ అంటే ఏమిటి? ఎఫ్‌లోనో బీ ఫ్లాట్‌లోనో ఒక బ్లూస్. 32 బార్ల ట్యూన్ ఒకటి. పాట ఎక్కడుందో నోరు మూసుకుని లెక్కపెట్టుకోగలగడం. ఇంతే. అమెరికన్ జాజ్ స్వరకర్త డ్యూక్ ఎల్లింగ్టన్ బ్యాండ్ వాయించిన 'సీ జామ్ బ్లూస్' మెలోడీ మొత్తం రెండే స్వరాలు, జి, సి. రెండు స్వరాలు వాయించలేని మనిషి ఇంతవరకు నాకు తగల్లేదు. తేలిక కదా అని కొత్తవాళ్ళు మైల్స్ డేవిస్ 'సో వాట్' అడుగుతారు. రెండే మోడ్‌లు (స్వర వరసలు), నిజమే. మునిగేది కూడా అందులోనే. చివరి 8 బార్లు, తర్వాతి కోరస్ మొదటి 16 కలిసి వరసగా 24 బార్లు డి డోరియన్ అనే ఒక్క మోడ్‌లోనే నడుస్తుంది. కార్డ్ మారితే దాన్ని పట్టుకుని దారి తెలుసుకోవచ్చు. మారకపోతే లెక్క ఒక్కటే దిక్కు.

నవ్వుతారేమోనని టెన్షన్ పడేవాళ్ళకి ఒక మాట. పక్కవాళ్ళకి మీ తప్పు స్వరాలు వినే తీరిక ఉండదు, ఎవరి లెక్కలో వాళ్ళుంటారు. మొదటిసారి అరగంట ముందే రండి. ఆంప్‌లు (వాయిద్యాల శబ్దం పెంచే పెట్టెలు) సర్దేటప్పుడే హౌస్ బ్యాండ్‌తో (జామ్‌లో ఎప్పుడూ వాయించే జట్టుతో) కొత్త అని చెప్పెయ్యండి. హెడ్ (పాట అసలు మెలోడీ) వరకే వాయిస్తానన్నా ఎవరూ ఏమీ అనుకోరు. సోలో మీ దాకా వస్తే తల అడ్డంగా ఊపితే చాలు, పక్కకి వెళ్ళిపోతుంది. చేతులు వణుకుతాయి. నాకిప్పటికీ మొదటి పాటలో వణుకుతాయి.

అపోహ: మన ఊళ్ళో జాజ్ వాయించేవాళ్ళే లేరు

ఉన్నారు. ఒంటి మీద 'జాజ్' అని బోర్డు తగిలించుకుని తిరగరు. సికింద్రాబాద్ చర్చి క్వైర్లలో పియానో వాయించేవాళ్ళు, స్టూడియోల్లో సినిమా పాటలకి గిటార్ వాయించేవాళ్ళు, మెటల్ బ్యాండ్ల డ్రమ్మర్లు, పెళ్ళి బ్యాండ్ల క్లారినెట్, ట్రంపెట్ కళాకారులు. నేను ఎప్పుడూ "జాజ్ డ్రమ్మర్ ఉన్నాడా?" అని అడగను. "మెల్లగా వాయించగల డ్రమ్మర్ ఉన్నాడా?" అని అడుగుతాను. ఆ ప్రశ్నకే సగం మంది జల్లెడ పట్టినట్టు రాలిపోతారు.

మాకొక క్లారినెట్ ఆయన ఉన్నారు. పెళ్ళి బ్యాండ్ ఆయన బతుకుతెరువు. లీడ్ షీట్ (మెలోడీ, కార్డ్‌లు రాసిన కాగితం) చదవరు. హెడ్ రెండుసార్లు విని మూడోసారి దానికి పైన ఇంకో వరస అల్లేస్తారు. ముహూర్తాలుంటే ఆయన దొరకరు. ఆషాఢంలో, మూఢంలో ప్రతి వారం వస్తారు. అందుకే మా దగ్గర క్లారినెట్ సీజన్ పంచాంగం చూసి చెప్పాల్సిందే.

అపోహ: కర్ణాటక సంగీతం వస్తే జాజ్ చిటికెలో వచ్చేస్తుంది (లేదా అస్సలు రాదు)

రెండూ పుకార్లే. డోరియన్ స్వరాలు ఖరహరప్రియ రాగం స్వరాలే. అక్కడితో చుట్టరికం అయిపోయింది. అక్కడ ఆధార షడ్జం కదలదు, ఇక్కడ బార్‌కో రెండు బార్‌లకో కాళ్ళ కింద కార్డ్ మారిపోతుంటుంది. వయొలిన్ వాళ్ళు మొదట ఇబ్బంది పడేది దీనితోనే. లయ వైపు మాత్రం వీళ్ళకి పెద్ద లాభం. తని ఆవర్తనంలో మృదంగం, ఘటం వంతులేసుకోవడం విన్నవాళ్ళకి ట్రేడింగ్ ఫోర్స్ (నాలుగేసి బార్లు వంతులేసుకోవడం) ఒక్కసారి చెబితే చాలు.

అపోహ: బాగా వాయిస్తే వేదిక దానంతటదే దొరుకుతుంది

కెఫే ఓనర్ మీ సోలో వినడు. ఎంతమంది వస్తారు, ఏ రోజు, ఎంత సౌండ్? ఈ మూడే ఆయన ప్రశ్నలు. శనివారం అడక్కండి, శనివారం ఆయన టేబుళ్ళు ఎలాగూ నిండుతాయి. మంగళవారం అడగండి.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం. ఒక కెఫేలో (పేరెందుకు) ఏకంగా శనివారం దొరికిందని ఎగిరి గంతేశాను. చిన్న గది, పెద్ద డ్రమ్ సెట్. సింబల్ మోగినప్పుడల్లా మొదటి టేబుల్ దగ్గర ఒకావిడ చెవి మూసుకుంటున్నారు. రెండో పాటకి సగం మంది ప్లేట్లు పట్టుకుని బయట వరండాలోకి వెళ్ళారు. నేను సోలోలో ఉండగా ఓనర్ వచ్చి, నాతో ఒక్క మాట అనకుండా నా ఆంప్ నాబ్ తనే తిప్పి తగ్గించి వెళ్ళిపోయాడు. ఆయన తప్పేం లేదు. అప్పటి నుంచి చిన్న గది అంటే బ్రష్‌లు, స్నేర్, హై హ్యాట్, ఒక్క రైడ్, అంతకుమించి డ్రమ్స్ తేవద్దని ముందే చెబుతాను. ఎక్స్‌టెన్షన్ బోర్డు మనమే తీసుకెళ్ళాలి. ఆరుబయట అయితే రాత్రి 10 కి మైకు ఆగాలి, అది రూలు.

కూర్చుని వినేవాళ్ళు కావాలంటే బంజారాహిల్స్ లామకాన్ లాంటి చోట్లు చూడండి. జర్మన్, ఫ్రెంచ్ సాంస్కృతిక కేంద్రాలైన గోథె జెంట్రుమ్‌కో అలియాన్స్ ఫ్రాంసేజ్‌కో బయటి దేశాల జాజ్ బృందం వస్తే తప్పకుండా వెళ్ళండి. స్టేజీ వైపు చూస్తే చాలదు, పక్క కుర్చీ కూడా చూడండి. నాలుగో బీట్ మీద కాలు తప్పకుండా ఆడించే మనిషి కనిపిస్తే పలకరించండి. మా ఇప్పటి బేస్ ప్లేయర్ నాకు అలాగే దొరికాడు.

అపోహ: పాత ట్యూన్లు కదా, కాపీరైట్ ఉండదు

మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ళ వరకు హక్కు ఉంటుంది. ఎల్లింగ్టన్ 1974లో పోయారు, కాబట్టి కనీసం 2034 చివరి దాకా ఆగాలి. అమెచ్యూర్ క్లబ్ టికెట్ లేకుండా వాయించుకుంటే చట్టంలో మినహాయింపు ఉంది, ఇంట్లోనో అపార్ట్‌మెంట్ హాల్లోనో కలిసేవాళ్ళు కంగారు పడొద్దు. వ్యాపారం నడిచే చోటైతే ఐపీఆర్ఎస్ (పాటల రచయితలు, స్వరకర్తల హక్కులు చూసే సంస్థ) లైసెన్స్ ఉందా అని ఓనర్ని ముందే అడగండి. పీపీఎల్ (రికార్డు కంపెనీల హక్కులు చూసే సంస్థ) లైసెన్స్ ఉందంటే సరిపోదు, అది రికార్డు పెట్టి వినిపించేదానికి.

మిగతావి గబగబా. ఖరీదైన వాయిద్యం అక్కర్లేదు, ట్యూన్‌లో ఉంటే చాలు. ఇంగ్లీషు రానక్కర్లేదు. తాగనక్కర్లేదు, మా జామ్‌లో ఎక్కువ ఖర్చయ్యేది ఇరానీ చాయ్. వయసు అడగం.

ఇకనుంచి నాకు మెసేజ్ పెట్టేవాళ్ళు "రెడీ అవ్వలేదు" అని రాయొద్దు. ఏం వాయిస్తారు, ఏ రెండు ట్యూన్లు, ఏ కీలో, ఏ ఏరియా, ఆంప్ మోసుకు రాగలరా, ఇవి రాయండి. డబుల్ బేస్ వాయించేవాళ్ళకి ఇవేవీ అక్కర్లేదు. ఇల్లెక్కడో చెప్పండి, బండి నేనే తెస్తాను.