పొయ్యి వెనక టైల్స్ సందులకు రంగు మార్చాలా? అపోహలు - వాస్తవాలు

గట్టు మీద గోడకు టైల్స్ వేసిన రోజున సందులు పాలలా తెల్లగా ఉంటాయి. ఏడాది తిరిగేసరికి పొయ్యి వెనక తాలింపు జిడ్డుతో గోధుమరంగుకు, మిక్సీ మూలలో పసుపుపచ్చకు తిరుగుతాయి. అప్పుడు నాకు ఫోను వస్తుంది: "మేస్త్రిగారూ, మొత్తం పీకేయాల్సిందేనా?" అక్కర్లేదండీ. టైలుకు ఏమీ కాలేదు. రంగు మారింది దాని పక్కనున్న రెండు మూడు మిల్లీమీటర్ల గీతకే. కానీ ఆ గీత జోలికి వెళ్ళేముందు ఈ పనిలో నాకు రోజూ ఎదురయ్యే కొన్ని నమ్మకాలను వదిలించుకోవాలి.

అపోహ: యాసిడ్ పోస్తే పాత తెలుపు తిరిగి వస్తుంది.

బాత్రూము యాసిడ్ సీసా తెచ్చి సందుల మీద పోస్తారు. బుసబుసమని నురగ వస్తుంది. మురికి కరుగుతోందని సంబరపడతారు. నిజానికి అక్కడ కరుగుతున్నది టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్‌లోని సిమెంటే. పని కొత్తలో నేనూ ఇదే చేశాను. సందులు వారం రోజులు మెరిశాయి. నెల తిరిగేలోగా గోరుతో గీకితే ఇసుకలా రాలాయి, రంధ్రాలు పెద్దవై నూనెను ఇంకా ఎక్కువ తాగాయి. ఆ ఇంటి కుళాయి నికెల్ పూత నల్లబడింది కూడా. నా కూలి డబ్బుతో దాన్ని మార్చి ఇచ్చాను.

వంటింటి మురికిలో ఎక్కువ భాగం జిడ్డే. దానికి వేడినీళ్ళు, గిన్నెలు తోమే ద్రవం, గట్టి బ్రష్షు చాలు. మొండి చోట్ల వంటసోడాను ముద్దలా కలిపి పట్టించి, పావుగంట ఆగి రుద్దండి. ఆ తర్వాత మంచినీళ్ళతో రెండుసార్లు కడగాలి. సబ్బు మిగిలితే రంగు పట్టదు. కడిగాక కనీసం ఒక రోజు ఆరనివ్వాలి. గోడ మీద ప్లగ్గులు ఉంటాయి కాబట్టి ఈ తడిపని మొదలుపెట్టేముందు మెయిన్ ఆపండి.

ఇక్కడ ఒక వింత. పసుపు మరకల మీద సబ్బు పడగానే అవి ఎర్రగా మారతాయి. ఒక ఇంట్లో పెద్దావిడ కంగారుపడి, "బాబూ, నువ్వేదో మందు పోసి పాడుచేశావు" అన్నారు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడినట్టే ఇదీను, క్షారం తగిలితే పసుపు గుణమే అంత. నీళ్ళు పోసి కడిగితే ఎరుపు తగ్గుతుంది. మిగిలిన పసుపు ఎండ తగిలే గోడ అయితే కొన్నాళ్ళకు దానంతటదే వెలిసిపోతుంది.

అపోహ: పాతదాని మీదే కొత్త గ్రౌట్ పూస్తే సరి.

సందు నిండుగా ఉన్నప్పుడు కొత్తదానికి పట్టు ఎక్కడ దొరుకుతుంది? పలచటి పొరలా ఎండి, పెచ్చులుగా లేస్తుంది. కొత్త గ్రౌట్ నిలవాలంటే పాతదాన్ని కనీసం రెండు మిల్లీమీటర్ల లోతున తవ్వాలి. అదీ కటింగ్ మిషనుతో కాదు, చేతి రంపంతో. మిషను ఒక్కసారి జారిందంటే టైలు అంచు మీద గాజుపూత లేచిపోతుంది, ఆ గాయం మానదు. సందు లేకుండా టైలుకు టైలు ఆనించి అంటించిన పాత గోడలైతే తవ్వే ఆలోచనే మానుకోండి. వాటికి రంగే దారి.

అపోహ: రంగంటే గోడకు వేసే పెయింటే కదా.

కాదు. తోముడుకు ఆ పెయింటు నిలవదు. గ్రౌట్ కోసమే తయారైన రంగులు టైల్స్ దుకాణాల్లో దొరుకుతాయి. పాత టూత్‌బ్రష్షుతో సందు వెంట రుద్ది, టైలు మీద పడినదాన్ని తడిగుడ్డతో వెంటనే తుడవాలి. ఒకేసారి గోడంతా పూసుకుంటూ పోతే మొదట పూసింది టైలు మీదే ఎండి కూర్చుంటుంది. ఒక చదరపు అడుగు పూయడం, తుడవడం, ముందుకు జరగడం. ఇది పైపూత కాబట్టి ముదురు సందును లేత రంగుకు కూడా మార్చవచ్చు, రెండో పూత మాత్రం తప్పదు.

అపోహ: ఏ గ్రౌట్ మీదైనా ఈ రంగు పడుతుంది.

శుభ్రం చేసి ఆరబెట్టిన సందు మీద ఒక నీటిచుక్క వేయండి. చుక్క ఇంకి ఆ చోటు ముదురుగా మారితే అది సిమెంటు గ్రౌట్, రంగు పీల్చుకుంటుంది. చుక్క ముత్యంలా నిలిచిందంటే అది సిమెంటు బదులు రెసిన్‌తో చేసిన ఎపాక్సీ గ్రౌట్ అయినా కావచ్చు, నీళ్ళు ఇంకకుండా ముందే సీలరు అనే పూత పూసి అయినా ఉండవచ్చు. అలాంటి చోట మామూలు రంగు ఊడి వస్తుంది. జిడ్డు పోకముందే పరీక్షిస్తే నూనె మీద కూడా చుక్క నిలుస్తుంది, మోసపోకండి.

అపోహ: నలుపు వేస్తే మురికే కనపడదు.

నూనె కనపడదు, నిజమే. బోరు నీళ్ళ ఇళ్ళలో తెల్లటి ఉప్పు చారలు మాత్రం నల్లటి సందు మీదే బాగా కనిపిస్తాయి. నన్నడిగితే లేత బూడిదరంగు లేదా బిస్కెట్ రంగు చెబుతాను. డబ్బా మూత మీది రంగును నమ్మకుండా, మిక్సీ వెనక ఒక జానెడు పూసి రెండు రోజులు చూడండి. తడి ఆరాక రంగు మారి కనిపిస్తుంది.

ఇక గట్టూ గోడా కలిసే అడుగు సందు సంగతి. ఎన్నిసార్లు గ్రౌట్ నింపినా అక్కడ పగులు వస్తూనే ఉందని మేస్త్రిని తిడుతుంటారు. గ్రానైటు బండ, గోడ ఒకే తీరుగా కదలవు, అందుకే ఆ పగులు. అక్కడ పాతదంతా గీకేసి, ట్యూబులో వచ్చే, రబ్బరులా సాగే సిలికాన్ నింపాలి. సిలికాన్ మీద గ్రౌట్ రంగు పట్టదు, కాబట్టి అదే ఛాయలో ఉన్న ట్యూబును రంగుతోపాటే కొనండి.