అడవిలో ఆగడం నేర్చుకోవాలి: అపోహలు - వాస్తవాలు

నల్లమల, మారేడుమిల్లి, అనంతగిరి కొండల్లో పిట్టల్నీ జంతువుల్నీ చూపించడానికి జనాన్ని తీసుకెళ్లడం నా పని. బండి ఎక్కినప్పటి నుంచీ దాదాపు ప్రతి ట్రిప్పులో వినే మాటలు కొన్ని ఉన్నాయి. వాటికి నా జవాబులివి.

అపోహ: ఎంత లోపలికి నడిస్తే అన్ని పిట్టలు కనిపిస్తాయి.

పండ్లతో ఉన్న జువ్వి చెట్టో మర్రి చెట్టో ఒక్కటి దొరికితే ఆ పూటకి నడకే అక్కర్లేదు. మారేడుమిల్లి వైపు అలాంటి చెట్టు కింద కూర్చోబెడితే మొదట పావుగంట ఎవరికీ ఏమీ కనిపించదు. తర్వాత పైనుంచి పండ్ల ముక్కలు రాలడం తెలుస్తుంది. అప్పుడు తలెత్తితే పచ్చ పావురాలు. అంతసేపూ అక్కడే ఉన్నాయి, ఆకుల రంగులో కలిసిపోయి. పైకొమ్మ మీద బెట్టుడుత (అడవిలో ఉండే పెద్ద ఉడుత) పొడుగు తోక కిందికి వేలాడేసి, పండుని రెండు చేతులతో తిప్పుకుంటూ కొరుకుతుంటుంది. పెద్ద ముక్కు పిట్ట హార్న్‌బిల్ వస్తుంటే కంటికి కనిపించకముందే రెక్కల హోరు వినపడుతుంది. నట్టడవిలో కంటే అడవీ పొలమూ కలిసే చోట, వాగు ఒడ్డున ఎక్కువ రకాలు దొరకడం నాకు మామూలు.

అపోహ: ఆకుపచ్చ బట్టలు వేసుకుంటే చాలు.

దుప్పికి, కణితికి (సాంబార్ జింకకి) ఎరుపు, నారింజ రంగులు సరిగా ఆనవు. పిట్టలకు మాత్రం మనకంటే ఎక్కువ రంగులు తెలుస్తాయి. మట్టిరంగు బట్టలు మంచివే. కానీ చెయ్యి విసురుగా చాపి "అదిగో!" అన్నాక ఏ రంగూ కాపాడదు.

అపోహ: పులి కనిపించకపోతే డబ్బులు దండగ.

ఈ మాట విన్నప్పుడల్లా బాధేస్తుంది. తెల్లవారుజామున దుమ్ములో పులి అడుగు కనిపిస్తే అందర్నీ ఆపి చూపిస్తాను. అంచులు పదునుగా ఉంటే కొత్తది. దాని మీదుగా పురుగులు పాకిన గీతలుంటే అప్పటికే కొంతసేపు గడిచిందని అర్థం. ఇక ఆ తర్వాత చెవులదే పని. దుప్పి చిన్న అనుమానానికే అరుస్తుంది. కొండముచ్చు చెట్టు చివర కూర్చుని ఒకే దిక్కు చూస్తూ దగ్గినట్టు అరిస్తే ఇంకాస్త నమ్మాలి. కణితి అరిచిందా, నేను ఊపిరి బిగబడతాను, అది ఊరికే అరవదు. ఆ అరుపు పొదల వెనక ఒక చోటు నుంచి ఇంకో చోటికి జరుగుతుంటే పులి నడక మన చెవిలో గీత గీసినట్టు తెలుస్తుంది. కనిపించకపోయినా సరే, ఆ పూట పులితో గడిపినట్టే.

అపోహ: ఎలుగు ఎదురైతే చెట్టెక్కాలి.

ఎలుగుబంటి తేనె కోసం చెట్లెక్కుతుంది, మనకంటే బాగా. పుట్ట తవ్వి చెదలు పీల్చేటప్పుడు అది చేసే చప్పుడులో మన అడుగులు దానికి వినపడవు. మనం హఠాత్తుగా దగ్గర్లో కనిపిస్తే బెదిరి మీదపడుతుంది. అందుకే ఎప్పుడూ నిశ్శబ్దంగా ఉండమనే నేను, గుబురు పొదల దారిలో మాత్రం మాట్లాడుతూ నడవమంటాను. ఎలుగులకి ఇష్టమైన ఇప్పపూలు రాలే రోజుల్లో మరీ జాగ్రత్త.

అపోహ: పిట్టని రప్పించడానికి ఫోన్‌లో దాని కూత వినిపిస్తే తప్పేముంది?

మగపిట్ట తన చోటులోకి ఇంకో మగది వచ్చిందనుకుంటుంది. మేత, గూడు వదిలేసి దాన్ని వెతుక్కుంటుంది. మీకో ఫొటో, దానికో పూట నష్టం. నవరంగ పిట్టని ఇలా పిలవమని నన్ను చాలామంది అడిగారు. ఒప్పుకోను. ప్రపంచమంతా ఆ జాతిని 'పిట్టా' అంటుంది, ఆ పేరు మన తెలుగు మాటే. మన పేరు మోసుకు తిరిగే దాన్ని మనమే ఏడిపించడం నాకు మనసొప్పదు.

అపోహ: మంచి కెమెరా, పుస్తకం ఉంటే ఊరివాళ్లతో పనిలేదు.

1900 తర్వాత ఎవరికీ కనిపించక, ఇక లేదనుకున్న కలివి కోడి అనే అరుదైన పిట్ట 1986 జనవరిలో కడప జిల్లా లంకమల దగ్గర మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు వెతుకుతుంటే రాత్రిపూట దాన్ని పట్టి తెచ్చింది ఐతన్న అనే స్థానికుడు. నల్లమలలో చెంచు అన్నలు వెంట లేకుండా నేను నడవను.

అపోహ: తీతువు అరిస్తే కీడు.

ఒక ఎండాకాలం ఎండిన చెరువులో నడుస్తుంటే తీతువు మా తలల మీదే తిరుగుతూ ఒకటే గోల. గుంపులో ఒక పెద్దాయన "అపశకునం, వెనక్కి పోదాం బాబూ" అన్నారు. "వెనక్కే పోదాం, కానీ ముందు కింద చూడండి" అన్నాను. ఆయన చెప్పుకి జానెడు దూరంలో గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు, రాళ్లలాగే మచ్చలతో, సన్నటి కొనలు లోపలికి తిప్పుకుని. అది గూడు కాపాడుకోవడానికి అరిచిన అరుపు. ఆయన చాలాసేపు కదల్లేదు. తర్వాత మేము వచ్చిన అడుగుల్లోనే అడుగులేస్తూ గట్టు మీదికి వెళ్లాం. కాసేపటికి తల్లి నీటిగుంటలో పొట్ట తడుపుకొచ్చి, గుడ్లకి చల్లగా తగిలేలా వాటి మీద కూర్చుంది.