ఆ 31 శాతం ఎక్కడి నుంచి వచ్చింది?

2025 డిసెంబరులో బ్రిస్బేన్ గులాబీ బంతి టెస్టులో స్టీవ్ స్మిత్ కళ్ల కింద నల్ల పట్టీలు అంటించుకుని బ్యాటింగ్‌కు దిగాడు. అప్పటి నుంచి మన దగ్గర కూడా ఆటగాళ్ల కంటిచూపు మీద మళ్లీ చర్చ మొదలైంది. నిజానికి స్మిత్ పట్టీల సంగతి చిన్నదే. ఫ్లడ్‌లైట్ల వెలుగు బుగ్గల మీద పడి కళ్లలోకి కొట్టకుండా అవి ఆపుతాయని నమ్మకం. వెస్టిండీస్ బ్యాటర్ చందర్‌పాల్ ఏళ్ల తరబడి అలాగే ఆడాడు. 2003లో అమెరికాలో ఎండలో చేసిన ఒక పరీక్షలో కళ్ల కింద పూసుకునే నల్లటి జిడ్డురంగు కొంత పనిచేసింది గానీ, స్టిక్కర్ల వల్ల ప్రయోజనం కనిపించలేదు. ఏది ఎలా ఉన్నా, పట్టీ అంటించుకోవడానికి ఎవరూ పిల్లల తల్లిదండ్రుల దగ్గర ఫీజు వసూలు చేయరు.

గొడవంతా చూపు ‘పెంచుతాం’ అనే శిక్షణతో వచ్చింది. వేసవి క్రికెట్ క్యాంపుల కరపత్రాల్లో ఇప్పుడు ‘విజన్ ట్రైనింగ్’ అని ఒక గడి వేరుగా కనిపిస్తోంది. వెలిగి ఆరే లైట్ల బోర్డులు, కళ్లముందు చీకటి వెలుగులు మార్చే స్ట్రోబ్ అద్దాలు, ఫోన్‌లో ఆడే యాప్‌లు అందులో ఉంటాయి. వాటి ఫీజు కోచింగ్ ఫీజుకు అదనం. మా పక్కింటివాళ్లు చూపించిన ఒక కరపత్రంలో ‘చూపు 31 శాతం మెరుగవుతుందని అమెరికా పరిశోధనలో రుజువైంది’ అని ఉంది. ఆ 31 వెనక పెద్ద కథే ఉంది. ఆ కథ తెలిస్తే ఇవాళ్టి వాదంలో సగం తేలిపోతుంది.

కంటి వ్యాయామాలకు వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అదంతా ఇక్కడ ఎత్తుకోను, నేరుగా 2014 ఫిబ్రవరికి వస్తాను. అమెరికాలో రివర్‌సైడ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆరన్ సైట్జ్, ఆయన సహచరులు ‘కరెంట్ బయాలజీ’ పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. తమ విశ్వవిద్యాలయం బేస్‌బాల్ జట్టులో 19 మంది చేత కంప్యూటర్ ముందు ఒక్కొక్కటి 25 నిమిషాల చొప్పున 30 విడతలు ఒక ఆట ఆడించారు. తెర మీద మసక మసకగా నలుపు తెలుపు చారల మచ్చలు వస్తాయి. వాటిని పోల్చుకుని పట్టుకోవాలి. పోనుపోను అవి ఇంకా మసకబారుతూ పోతాయి.

ఈ చారల వెనక గట్టి శాస్త్రమే ఉంది. వీటిని గాబోర్ మచ్చలంటారు. మెదడు వెనక భాగంలో చూపును మొదటగా అందుకునే నాడీకణాలు ఏదో ఒక వంపులో ఉన్న గీతలకే గట్టిగా స్పందిస్తాయి. ఈ సంగతి కనిపెట్టిన హ్యూబెల్, వీజల్ 1981లో నోబెల్ అందుకున్నారు. ఆ కణాలకు పదే పదే పని చెబితే కన్ను మారకపోయినా, కంటి నుంచి వచ్చే సమాచారాన్ని మెదడు ఇంకా బాగా విప్పుకుంటుందన్నది సైట్జ్ వాదం. ఇందులో నిజం లేకపోలేదు. బద్ధకపు కన్ను (మెదడు ఒక కంటిని సరిగ్గా వాడుకోకపోవడం వల్ల ఆ కంటిచూపు మందగించే లోపం) ఉన్న పెద్దవాళ్లకు ఇలాంటి చారలతో శిక్షణ ఇచ్చి చూపు మెరుగుపరచవచ్చని ఇజ్రాయెల్ శాస్త్రవేత్త ఉరి పొలాట్ బృందం 2004లోనే చూపింది.

రివర్‌సైడ్ ఫలితాలు మాత్రం అందరినీ నోరు తెరిపించాయి. శిక్షణ పొందినవాళ్ల చూపు సగటున 31 శాతం మెరుగైంది. ఏడుగురు 20/7.5 దాకా వెళ్లారు. మన కంటి డాక్టర్లు 6/6 అని రాసేదాన్నే అమెరికాలో 20/20 అంటారు. మామూలు చూపున్న మనిషి 7.5 అడుగుల దగ్గరికి వెళ్తే గానీ చదవలేని అక్షరాన్ని వీళ్లు 20 అడుగుల నుంచి చదివారన్నమాట. పేరుమోసిన డాడ్జర్స్ బేస్‌బాల్ క్లబ్బు ఆటగాళ్లను 1990లలో పరీక్షించినప్పుడు వాళ్ల సగటు 20/13 దగ్గర తేలింది. వ్యాసం అక్కడితో ఆగలేదు. బంతి తగలక అవుటవడం 4.4 శాతం తగ్గిందని, ఆ సీజన్‌లో జట్టుకు 41 పరుగులు అదనంగా వచ్చాయని, దానివల్ల నాలుగైదు మ్యాచ్‌లు ఎక్కువ గెలిచి ఉండవచ్చని లెక్క కట్టింది.

నా దృష్టిలో అసలు మలుపు ఇక్కడే ఉంది. ఈ 19 మందిని ఎవరితో పోల్చారు? అదే జట్టులో శిక్షణ తీసుకోని 18 మందితో. ఆ 18 మందీ పిచర్లు, అంటే మన బౌలర్లలాంటివాళ్లు. కాలేజీ బేస్‌బాల్‌లో పిచర్లు సాధారణంగా బ్యాటింగ్ చేయరు. చూపు చార్టు దగ్గర వాళ్లతో పోల్చితే పోల్చవచ్చు. బ్యాటింగ్ దగ్గరికి వచ్చేసరికి పోల్చడానికి జట్టులో ఎవరూ మిగల్లేదు. అందుకని లీగ్‌లో మిగతా జట్ల ఆటగాళ్లు ఏడాదికేడాది ఎంత మెరుగవుతారో చూసి, ఆ అంచనా కన్నా వీళ్లు ఎక్కువ మెరుగయ్యారని చెప్పారు. ఆ ఏడాది కోచ్ ఏం మార్చాడు, నెట్స్‌లో ఎంతసేపు గడిపారు, ‘మాకు ప్రత్యేక శిక్షణ ఇచ్చారు’ అన్న ధైర్యం ఎంత పనిచేసింది అన్నవాటిని విడదీసే దారి ఈ పద్ధతిలో లేదు. ఉత్తుత్తి ఆట ఒకటి ఇచ్చి కూర్చోబెట్టిన మరో బృందం ఉంటే కొంత తేలేది. అది లేదు.

వ్యాసం అబద్ధమని నేను అనడం లేదు. చిన్న అధ్యయనం చిన్నదిగానే ఉండి ఉంటే ఎవరికీ నష్టం లేదు. కానీ అదే ఆట అప్పటికే ‘అల్టిమ్ఐస్’ అనే పేరుతో యాప్‌గా అమ్ముడవుతోంది. అమ్ముతున్న క్యారట్ న్యూరోటెక్నాలజీ కంపెనీకి ఉన్న యజమానుల్లో ఒకరు సైట్జే. ప్రకటనలు ఆటగాళ్ల దగ్గర ఆగలేదు. వయసుతో మందగించిన చూపును కూడా వెనక్కి తిప్పుతామన్నాయి. చదవడానికి కళ్లజోడు వెతుక్కునే యాభై ఏళ్ల మనిషికి ఆ మాట ఎంత ఆశ పెడుతుందో వేరే చెప్పాలా?

2015 సెప్టెంబరు 17న అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీ మీద, దాని ఇద్దరు యజమానుల మీద తాను చేసిన ఫిర్యాదును బయటపెట్టింది. వినియోగదారులను మోసపుచ్చే ప్రకటనల మీద చర్య తీసుకునే ప్రభుత్వ సంస్థ అది. చూపు మెరుగవుతుందని శాస్త్రీయంగా రుజువైందన్న మాటకు తగిన ఆధారాలు లేవని, ఆధారంగా చూపిన పరిశోధన చేసినది కంపెనీ యజమానే అన్న సంగతి కొనేవాళ్లకు చెప్పలేదని దాని ఆరోపణ. కంపెనీ 1,50,000 డాలర్లు కట్టడానికి, గట్టి ఆధారాలు లేకుండా అలాంటి మాటలు చెప్పకుండా ఉండడానికి ఒప్పుకుంది. ఇది రాజీ మాత్రమే. కోర్టులో తప్పు రుజువు కాలేదు. నాలుగు నెలల తర్వాత, 2016 జనవరిలో, జ్ఞాపకశక్తి ఆటలు అమ్మే లూమోసిటీ కంపెనీ కూడా ఇదే కమిషన్‌తో 20 లక్షల డాలర్లకు రాజీ పడింది.

సైట్జ్ పక్షం వాదన కూడా చెప్పాలి. పత్రికలో వచ్చిన వ్యాసం నిపుణుల పరిశీలన దాటి వచ్చింది, దాన్ని వెనక్కి తీసుకోమని కమిషన్ అడగలేదు. అసలు కమిషన్ పని ప్రకటనల జోలికి వెళ్లడమే, శాస్త్రంలో తీర్పు చెప్పడం కాదు. అదీ నిజమే. కానీ మన కరపత్రాల్లోకి దిగినది వ్యాసంలోని జాగ్రత్త మాటలు కాదు, ఆ అంకె. కమిషన్ ఉత్తర్వు అమెరికాలో ఒక కంపెనీని కట్టడి చేసింది. సముద్రం దాటిన అంకెను కట్టడి చేసేవాళ్లు లేరు.

2014 నాటికి ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. అప్పటికే దీనికి జవాబులు వచ్చి ఉన్నాయి. 2001లో ఆస్ట్రేలియాకు చెందిన బ్రూస్ అబర్నెతీ, జోవాన్ వుడ్ అప్పట్లో బజార్లో దొరికే రెండు కంటి శిక్షణ పద్ధతులను పరీక్షించారు. ఇద్దరూ సరిగ్గా రివర్‌సైడ్‌లో లోపించినదాన్నే చేశారు. ఒక బృందానికి శిక్షణ బదులు టెన్నిస్ గురించి చదివే పని అప్పగించారు. ఇంకో బృందానికి ఏ శిక్షణా ఇవ్వలేదు. నాలుగు వారాల తర్వాత చూస్తే అందరూ కాస్త మెరుగయ్యారు. కంటి శిక్షణ తీసుకున్నవాళ్లు మిగతావాళ్ల కన్నా ఎక్కువగా మెరుగవలేదు. రెండోసారి రాసిన పరీక్ష మొదటిసారి కన్నా సులువుగా ఉంటుందన్నంతవరకే అది తేలింది.

అంతకుముందు 1987లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త పీటర్ మెక్‌లియడ్ ఇంకా సూటిగా చూశాడు. మ్యాటింగ్ పిచ్ కింద చెక్క బద్దలు పెట్టాడు. బంతి వాటి మీద పడి ఎటు తిరుగుతుందో ముందే తెలిసే వీలు లేదు. అంతర్జాతీయ స్థాయి బ్యాటర్లు కూడా పిచ్ అయిన బంతి దారి మార్చాక బ్యాటు సర్దుకోవడానికి సెకనులో అయిదో వంతు తీసుకున్నారు. దారిన పోయే మనిషి తీసుకునేదీ దాదాపు అంతే. గొప్ప బ్యాటర్ కళ్లు వేగంగా పనిచేస్తాయన్న నమ్మకం అక్కడితో సన్నగిల్లింది.

మరి గొప్ప బ్యాటర్ ఎక్కడ వేరు? దీనికి 2000లో మైకెల్ లాండ్‌తో కలిసి మెక్‌లియడే జవాబు చెప్పాడు. బ్యాటర్ల తలకు కెమెరా తగిలించి బౌలింగ్ మెషీన్ ముందు నిలబెట్టారు. బంతి వదిలిన క్షణంలో చూపు దాని మీదే ఉంటుంది. ఆ తర్వాత బంతిని వదిలేసి, అది ఎక్కడ పిచ్ అవుతుందో ఆ చోటికి ముందే గెంతుతుంది. నెట్స్‌లో మన కోచ్‌లు ‘బంతిని చివరిదాకా చూడరా’ అని అరుస్తారు గానీ, నిజంగా ఎవరూ చివరిదాకా చూడరు. మంచి బ్యాటర్ చూపు ముందుగా గెంతుతుంది, అంతగా రానివాడిది ఆలస్యంగా గెంతుతుంది. ఎక్కడికి గెంతాలో చెప్పేది వేల బంతులు ఆడిన అనుభవం. 2006లో వచ్చిన మరో అధ్యయనంలో, బంతి చేతిని వదలకముందే బౌలర్ చెయ్యి, మణికట్టు చూసి మేటి బ్యాటర్లు రాబోయేదాన్ని పసిగడుతున్నారని తేలింది. కొత్తవాళ్లకు అది చేతకాలేదు.

మరి మసక చూపుతో ఆడగలరా? 2007లో డేవిడ్ మాన్ బృందం ఇదీ చేసి చూసింది. నైపుణ్యమున్న క్రికెటర్ల కళ్లకు మసక పుట్టించే కాంటాక్ట్ లెన్సులు పెట్టి బౌలింగ్ మెషీన్ ముందు ఆడించారు. ప్లస్ ఒకటి, ప్లస్ రెండు పవర్ లెన్సుల దాకా బ్యాటింగ్ చెప్పుకోదగ్గంత పడిపోలేదు. ప్లస్ మూడు దగ్గర పడిపోయింది. మైనస్ మూడు పవర్ ఉన్నవాళ్లు కళ్లజోడు తీస్తే లోకం ఎలా కనిపిస్తుందో, దాదాపు అంత మసకలో గానీ తేడా తెలియలేదు. నిజమైన బౌలర్లతో మళ్లీ చేసినప్పుడు, వేగం పెరిగాక ప్లస్ రెండుకే ఆట తగ్గింది. అందుకే పిల్లవాడికి కళ్లజోడు అవసరమైతే తప్పకుండా పెట్టించాలి. కానీ 6/6 ఉన్న పిల్లవాడి చూపును ఇంకా పదునుపెడితే పరుగులు వస్తాయని ఈ ఫలితాలు ఏ కోశానా చెప్పవు.

ఈ చర్చలో మన మాజీ కెప్టెన్ మన్సూర్ అలీఖాన్ పటౌడీ పేరు ఎవరూ ఎత్తకపోవడం నాకు బాధగా ఉంది. 1961 జులైలో ఇంగ్లండ్‌లోని హోవ్‌లో జరిగిన కారు ప్రమాదంలో ఆయన కుడి కంటిచూపు దాదాపుగా పోయింది. కొన్ని నెలల్లోనే ఎంసీసీ జట్టు (పర్యటనకు వచ్చిన ఇంగ్లండ్ జట్టు) మీద ఆడారు. అది జరిగింది మన హైదరాబాద్‌లోనే. దెబ్బతిన్న కంటికి లెన్స్ పెట్టుకుని దిగితే ఒకదానికొకటి ఆరేడు అంగుళాల ఎడంగా రెండు బంతులు కనిపించాయట. లోపలివైపు బంతిని ఆడుతూ వచ్చారు. టీ విరామంలో లెన్స్ తీసేసి, ఆ కన్ను మూసుకుని ఆడి 70 పరుగులు చేశారు. ఆ డిసెంబరులోనే టెస్టుల్లో అడుగుపెట్టారు. మరుసటి ఏడాది 21 ఏళ్లకు కెప్టెన్ అయ్యారు. 46 టెస్టుల్లో ఆరు సెంచరీలు కొట్టారు. తర్వాత రంజీల్లో హైదరాబాద్‌కే ఆడారు. రెండు కళ్లూ ఉంటే ఇంకెన్ని పరుగులు చేసేవారో అన్నది వేరే ప్రశ్న. చూపు చార్టును బట్టి బ్యాటర్‌ను తూచాలనుకునేవాళ్లు మాత్రం ముందు ఈయన దగ్గర ఆగాలి.

శిక్షణ వైపు నుంచి ఉన్న బలమైన సాక్ష్యాలనూ దాటవేయకూడదు. సిన్సినాటి విశ్వవిద్యాలయం బేస్‌బాల్ జట్టు 2011 సీజన్‌కు ముందు కంటి శిక్షణ తీసుకుంది. జట్టు బ్యాటింగ్ సగటు (బేస్‌బాల్‌లో ఇది పరుగుల లెక్క కాదు, బ్యాటింగ్ అవకాశాల్లో ఎన్నో వంతు హిట్లయ్యాయన్న లెక్క) 0.251 నుంచి 0.285కు పెరిగింది. అదే సమయంలో లీగ్‌లో మిగతా జట్ల సగటు తగ్గింది. ఇక్కడా జట్టు లోపల పోల్చి చూసే బృందం లేదు. ఆ లోటు తీర్చినది 2020లో వెలువడిన ఒక అధ్యయనం. ఎవరికి ఏ శిక్షణ వస్తుందో చీటీ వేసినట్టు పంచారు, కొందరికి ఉత్తుత్తి శిక్షణ ఇచ్చారు. అసలు శిక్షణ పొందినవాళ్లు ప్రాక్టీసులో బంతిని ఇంకా దూరం కొట్టగలిగారు. మ్యాచ్‌ల గణాంకాల్లో మాత్రం ఆ తేడా కనిపించలేదు. ఇప్పటిదాకా నేను చూసినవాటిలో శిక్షణకు అనుకూలంగా నిజాయితీగా చెప్పగల మాట ఇదే. ఇది 31 శాతానికి చాలా దూరం.

ఆటల వేగం పెరుగుతోంది కాబట్టి కళ్లకూ శిక్షణ కావాలన్నది క్యాంపులవాళ్లు తరచూ చెప్పే మాట. 2023 ఏప్రిల్‌లో జపాన్‌లో మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ రికార్డుకెక్కింది. దాన్ని కంటితో వెంబడించి తిప్పికొట్టడం ఎవరి తరమూ కాదు. ఎదుటివాడి భుజం, రాకెట్ కోణం చూసి ముందే కదలాల్సిందే. వేగం పెరిగేకొద్దీ కన్ను చేయగలిగేది తగ్గి, అనుభవం చేయాల్సింది పెరుగుతుంది.

ఇది రాసేముందు కరపత్రం మీదున్న నంబరుకు ఫోన్ చేశాను. అవతలి వ్యక్తి మర్యాదగానే మాట్లాడారు. 31 శాతం ఎక్కడిదని అడిగితే వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపారు. 2014 నాటి రివర్‌సైడ్ వ్యాసమే అది. మీ క్యాంపులో విజన్ ట్రైనింగ్ తీసుకోని పిల్లలతో ఎప్పుడైనా పోల్చి చూశారా అని అడిగాను.

“లేదండీ. ఫీజు కట్టినవాళ్లందరికీ ఇస్తున్నాం కదా” అన్నారు.